కదలట్లేదు కదా, ఇంకేం భయం?

ఇంటర్ రెండేళ్లలో నేను కనీసం వందసార్లు చేసిన బిట్ ఒకటుంది. ఎదురెదురుగా రెండు గోడలు. వాటి మధ్య ఒక తాడు. తాడు మధ్యలో ఒక బరువు కదలకుండా వేలాడుతోంది. తాడు రెండు వైపులా అడ్డగీతతో తీటా అనే కోణం చేస్తోంది. తాడులో టెన్షన్ ఎంత? కింద నాలుగు ఆప్షన్లు.

మీలో కూడా చాలామందికి ఇది కళ్లు మూసుకున్నా వచ్చేస్తుంది. నాకైతే బొమ్మ వెయ్యాల్సిన పనే ఉండేది కాదు. బరువుని రెండు సైన్ తీటాతో భాగించు, ఆప్షన్ పెట్టు, తర్వాతి బిట్‌కి వెళ్లు. ఇరవై సెకన్లు. ఎంసెట్‌లో వస్తే ఫ్రీ మార్కు అనుకునేవాళ్లం.

మొన్న ఫిబ్రవరిలో, మా కాలేజీ ఫెస్ట్‌కి ముందురోజు సాయంత్రం, అదే బిట్ నిజంగా నా ముందుకి వచ్చింది. ఈసారి ఆప్షన్లు లేవు, తీటా అని ఎవరూ రాసిపెట్టలేదు. నేను గుర్తుపట్టలేదు. ఫలితం, ఒక జూనియర్ చేతికి ఏడు కుట్లు.

ముందు ఆ సాయంత్రం ఏం జరిగిందో చెప్తాను. తర్వాత, మనం ఈక్విలిబ్రియం నేర్చుకున్న పద్ధతిలో తప్పెక్కడుందని నేననుకుంటున్నానో చెప్తాను. తెలుగులో దాన్ని సమతాస్థితి అంటారని ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాకే తెలిసింది. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం బాపతు నేను. ఒత్తులు తప్పితే మన్నించండి, ఎడిటర్ అక్క చూసుకుంటుంది.

బోర్డు 12 కిలోలే

ఫెస్ట్ పేరుతో మేమే ఒక ఎల్‌ఈడీ బోర్డు తయారుచేశాం. ప్లైవుడ్ ఫ్రేము, అక్షరాలు, వైర్లు, అడాప్టర్ అన్నీ కలిపి 12 కిలోలు. లగేజీ తూచే చిన్న కాంటాతో హాస్టల్లో తూచాం కూడా. మా రెండు బ్లాకుల మధ్య 8 మీటర్ల వెడల్పు దారి ఉంది. దాని మీదుగా అటూ ఇటూ తాడు కట్టి, మధ్యలో బోర్డు వేలాడదీయాలని ప్లాను. తాడు ఒక చివర మొదటి అంతస్తు ఎత్తులో గోడకి బిగించిన హుక్కుకి, రెండో చివర అవతలి బ్లాకు వరండా స్తంభానికి.

హుక్కు కోసం గోడకి డ్రిల్లు వేసి, ప్లాస్టిక్ ప్లగ్గు కొట్టి, అందులో బిగించాం. మేమేమీ గుడ్డిగా కట్టెయ్యలేదు. టెస్ట్ చేశాం. హుక్కుకి తాడు కట్టి, కింద 65 కిలోల మావాడొకడు ఆ తాడు పట్టుకుని వేలాడాడు. హుక్కు చెక్కు చెదరలేదు. "65 కిలోలు మోసింది, 12 కిలోలు ఒక లెక్కా" అనుకున్నాం.

బోర్డు తగిలించాక తాడు మధ్యలో ఒక మీటరు దాకా కిందికి జారింది. ఫొటోల్లో బాగుండదని నా బాధ. "వేలాడిపోయినట్టుంది, లాగండి రా" అన్నది నేనే. నలుగురం వరండాలో నిలబడి, పిట్టగోడకి కాళ్లు తన్నిపెట్టి లాగాం. లైటింగ్ పనికి టెంట్ హౌస్ నుంచి వచ్చిన అన్న ఒకాయన కింద నుంచి చూస్తున్నాడు. "గంత గట్టిగ గుంజకుండ్రి తమ్మీ, జర లూజ్ ఇడ్వుండ్రి" అన్నాడు. "బోర్డు 12 కిలోలే అన్నా" అని నవ్వేసి ఇంకో పట్టు పట్టాం. తాడు దాదాపు తిన్నగా వచ్చింది. మధ్యలో జానెడు వంపు మాత్రం మిగిలింది. ముడేసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టాం. బోలెడు హార్టులొచ్చాయి.

బోర్డు రెండు గంటలు కదలకుండా ఉంది. చీకటిపడ్డాక గాలి మొదలైంది. హుక్కు ప్లగ్గుతో సహా గోడలోంచి ఊడి వచ్చింది. కింద ఎక్స్‌టెన్షన్ బాక్సు సర్దుతున్న ఫస్టియర్ తమ్ముడు బోర్డు మీదికొస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. అందుకే తలకి తగల్లేదు.

వాళ్లమ్మకి ఫోన్ చేసింది నేనే. "ఏం పడింది బాబూ?" అని అడిగారు. "బోర్డు ఆంటీ, హుక్కు ఊడిపోయింది" అన్నాను. మర్నాడు క్యాంటీన్‌లో కూడా అందరిదీ అదే మాట. చీప్ హుక్కు, ఇంకేముంది.

హాస్టల్లో కట్టిన లెక్క

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నోట్‌బుక్ తీసి, ఇంటర్ తర్వాత మొదటిసారి, ఆ బొమ్మ వేశాను.

దారి వెడల్పు 8 మీటర్లు, అంటే ఒక్కో వైపు 4 మీటర్లు. మధ్యలో వంపు 20 సెంటీమీటర్లు అనుకుందాం. బోర్డు తగిలించిన ముడి దగ్గర మూడు బలాలు కలుస్తాయి. కిందికి బోర్డు బరువు 12 కిలోలు. అటొక తాడు లాగుడు, ఇటొక తాడు లాగుడు. ముడి కదలట్లేదు కాబట్టి ఈ మూడూ కలిసి సున్నా అవ్వాలి. అడ్డంగా లాగే భాగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బరువుని మోసేది తాళ్ల లాగుడులో పైకి పనిచేసే భాగం మాత్రమే. తాడు తిన్నగా ఉన్నకొద్దీ ఆ పై భాగం చిక్కిపోతుంది. అదే 12 కిలోలని మొయ్యాలంటే మొత్తం లాగుడు అంతకంతకూ పెరగాలి.

ఇక్కడ సైన్ తీటా అంటే 20 సెంటీమీటర్లని 4 మీటర్లతో భాగించినంత, దాదాపు 0.05. రెండు సైన్ తీటా 0.1. పన్నెండుని 0.1తో భాగిస్తే 120. అంటే తాడు రెండు వైపులా 120 కిలోల బరువంత బలంతో లాగుతోంది. న్యూటన్లు కావాలనేవాళ్లు 9.8తో గుణించుకోండి.

వంపు మారిస్తే ఏమవుతుందో కూడా కట్టాను. మొదట ఉన్నట్టు మీటరు వంపు వదిలేసి ఉంటే లాగుడు దాదాపు 25 కిలోలు. అర మీటరు ఉంచితే 48. 20 సెంటీమీటర్లకి 120. ఇంకా లాగి 10 సెంటీమీటర్లకి తెచ్చుంటే 240. పూర్తిగా తిన్నగా చెయ్యాలంటే ఎంత బలమూ చాలదు, సున్నాతో భాగించినట్టే. కరెంటు తీగలు స్తంభాల మధ్య ఎందుకు వేలాడుతూ ఉంటాయో, వాటికి సాగ్ అనే ఆ వంపు ఎందుకు వదులుతారో ఒక ముఖ్య కారణం ఇందులోనే ఉంది. మా అమ్మమ్మ వాళ్ల ఇంట్లో దండెం ఎప్పుడూ ఎందుకు వేలాడుతుండేదో కూడా.

తర్వాత హుక్కు బొమ్మ వేశాను. నాకు చెమట పట్టింది ఇక్కడే. తాడు హుక్కుని లాగుతున్న 120 కిలోలలో కిందికి లాగేది కేవలం 6 కిలోలు, బోర్డు బరువులో సగం. మిగతాదంతా అడ్డంగా ఉంది, గోడలోంచి బయటికి పీకుతున్నట్టు. మేం టెస్ట్ చేసింది కిందికి 65 కిలోలు. పని పడింది బయటికి 120 కిలోలు. మా టెస్టులో తప్పు లేదు, కానీ అది అసలు వేరే ప్రశ్నకి జవాబు. గోడలో కొట్టిన ప్లగ్గు కిందికి ఎంత మోస్తుందన్నది ఒక సంగతి, పీకితే ఎంత ఆగుతుందన్నది ఇంకో సంగతి. రెండోది మేం అడగనే లేదు.

ఇంకా సిగ్గుపడాల్సిన విషయం ఒకటుంది. 12 కిలోల బోర్డుని ఒక్కడు ఒక చేత్తో ఎత్తి పట్టుకోగలడు. దాన్ని కాస్త పైకి తేవడానికి నలుగురం చెమటలు కక్కాం. మేం పెడుతున్న బలమంతా ఎక్కడికి పోతోందని నలుగురిలో ఒక్కడూ అడగలేదు. నలుగురం ఎంసెట్ రాసినవాళ్లమే. నలుగురికీ ఆ ఫార్ములా వచ్చు.

బొమ్మ ఎవరు వేశారు?

ఫార్ములా వచ్చినా లెక్క ఎందుకు రాలేదు? ఇన్నాళ్లూ మనం చేసిన ప్రతి బిట్‌లో అసలు పని ముందే ఎవరో చేసి పెట్టారని నాకిప్పుడు అనిపిస్తోంది. ఏ వస్తువు గురించి ఆలోచించాలో పేపర్ సెట్ చేసినాయన తేల్చేశాడు. దాన్ని ఏవేవి తాకుతున్నాయో ఏరి పెట్టాడు. బాణాలు వేశాడు. కోణానికి పేరు పెట్టాడు. తాడుకి బరువు లేదు, గోడ నున్నగా ఉంది అని కూడా రాసిచ్చాడు. మనకి మిగిలింది చివరి లైను, సున్నాకి సమానం చెయ్యడం. దాన్నే మనం ఫిజిక్స్ అనుకున్నాం.

బయట ఎవరూ బొమ్మ వేసివ్వరు. అందుకే ఫ్రీ బాడీ డయాగ్రమ్ అనే దాన్ని, మనం "టైమ్ వేస్ట్, డైరెక్ట్‌గా ఫార్ములా పెట్టెయ్" అని దాటేసే ఆ బొమ్మని, నేను మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాను. నాకు అర్థమైన పద్ధతి ఇది.

మొదట ఒక్క వస్తువుని ఎంచుకోవాలి. బోర్డా, ముడా, తాడా, హుక్కా? ఒకేసారి ఒక్కటే. రెండోది, దాన్ని ప్రపంచం నుంచి విడదీసి గాలిలో ఒంటరిగా నిలబెట్టాలి. మూడోది, దాన్ని ఏవేవి తాకుతున్నాయో ఒక్కొక్కటీ లెక్కపెట్టి, తాకిన ప్రతిచోటా ఒక బాణం వెయ్యాలి. తాడు తాకితే తాడు వెంట లాగుడు. నేల తాకితే నేలకి నిలువుగా తోపుడు, జారే అవకాశం ఉంటే నేల వెంట ఘర్షణ. తాకకుండా పనిచేసేది మన లెక్కల్లో ఒక్క భూమ్యాకర్షణే, అదొక బాణం. అప్పుడు మాత్రమే సమీకరణాలు: అడ్డంగా ఉన్న బలాల మొత్తం సున్నా, నిలువుగా ఉన్నవాటి మొత్తం సున్నా, ఏ బిందువు చుట్టూ తీసుకున్నా తిప్పే ప్రభావం సున్నా.

ఇందులో సగం తప్పులు మొదటి మెట్టు దగ్గరే జరుగుతాయి. మా సంగతే చూడండి. మేం ఆలోచించింది బోర్డు గురించి. బోర్డుకి ఏ ఇబ్బందీ లేదు. తెగుతుందేమోనని తాడు గురించి కూడా కాస్త ఆలోచించాం. అడగాల్సింది హుక్కుని.

కాన్సాస్ సిటీలో ఒక నట్టు

"ఇది కుర్రాళ్ల పని, చదువుకున్న ఇంజనీర్లు ఇలాంటి తప్పు చెయ్యరు" అని మీకనిపించొచ్చు. నాకూ అలాగే అనిపించింది, అమెరికాలోని కాన్సాస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్ గురించి చదివేదాకా.

ఆ హోటల్ 1980లో తెరిచారు. పెద్ద లాబీ. దాని మీదుగా గాలిలో నడిచే వంతెనలు, పైకప్పు నుంచి ఉక్కు కడ్డీలతో వేలాడదీసినవి. నాలుగో అంతస్తు వంతెన, సరిగ్గా దాని కింద రెండో అంతస్తు వంతెన. 1981 జులై 17 సాయంత్రం లాబీలో డాన్స్ కార్యక్రమం జరుగుతుండగా నాలుగో అంతస్తు వంతెన ఊడి రెండో దాని మీద పడింది, రెండూ కలిసి కింద జనం మీద పడ్డాయి. 114 మంది చనిపోయారు. రెండు వందల మందికి పైగా గాయపడ్డారు.

కారణం ఒక బొమ్మలో తేలిపోతుంది. దాన్ని మన ఇంటి ఉట్టితో చెప్తాను. దూలానికి ఒక తాడు కట్టారనుకోండి. తాడు మధ్యలో ఒక ముడి, ఆ ముడి మీద పై కుండ ఆగింది. అదే తాడు కిందికి సాగి, చివర ఇంకో ముడి మీద కింది కుండ ఆగింది. పై ముడి మోసేది పై కుండనే. కింది కుండ బరువు తాడు వెంట నేరుగా దూలానికి పోతుంది. హోటల్ అసలు డిజైన్ ఇలాంటిదే. పైకప్పు నుంచి రెండో అంతస్తు దాకా ఒకే పొడవాటి కడ్డీ, ఒక్కో వంతెన దూలం కింద ఒక్కో నట్టు.

కడుతున్నప్పుడు ఒక ఇబ్బంది వచ్చింది. నట్టుని నాలుగో అంతస్తు దాకా ఎక్కించాలంటే అంత పొడవు కడ్డీకీ మర ఉండాలి. అందుకని కడ్డీని రెండు ముక్కలు చేశారు. ఒకటి పైకప్పు నుంచి నాలుగో అంతస్తు దూలానికి. ఇంకోటి, నాలుగో అంతస్తు దూలం నుంచి రెండో అంతస్తుకి. అంటే ఉట్టిలో తాడు పై ముడి దగ్గరే ఆపేసి, కింది కుండని పై కుండకే కట్టినట్టు. ఇప్పుడు పై ముడి రెండు కుండల్నీ మొయ్యాలి.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, మొత్తం బరువు మారలేదు. పై కడ్డీలో లాగుడు మారలేదు, అప్పుడూ రెండు వంతెనలదే, ఇప్పుడూ రెండు వంతెనలదే. పైకప్పుని చూసినా, పై కడ్డీని చూసినా లెక్క ఓకే. నాలుగో అంతస్తు దూలాన్ని ఒంటరిగా గాలిలో నిలబెట్టి, దాని కింద ఉన్న నట్టుకి ఒక బాణం వేసినవాడికే ఆ బాణం రెట్టింపయిందని కనిపిస్తుంది. ఆ మార్పున్న డ్రాయింగులకి ఆమోదం వచ్చేసింది, ఆ అతుకుని విడిగా లెక్క కట్టినవాళ్లు మాత్రం లేరు. తర్వాత అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ దర్యాప్తు చేస్తే, అసలు డిజైన్ కూడా నగర నిబంధనలు అడిగే బలంలో 60 శాతమే మోసేదని తేలింది. మార్పు తర్వాత అందులోనూ సగమే మిగిలింది. బాధ్యులైన ఇంజనీర్ల లైసెన్సులు మిస్సోరీ రాష్ట్రంలో రద్దయ్యాయి.

ఇందులో కాల్‌క్యులస్ లేదు. లామీ సిద్ధాంతం కూడా అక్కర్లేదు. ఒకటీ ఒకటీ కూడితే రెండు, అంతే. ఎంసెట్‌లో ఇస్తే పది సెకన్ల బిట్. కానీ ఆ బొమ్మ వెయ్యాలని ఎవరికీ తట్టలేదు.

నిలబడి ఉండటం సర్టిఫికెట్ కాదు

ఆ వంతెనలు ఏడాది పాటు కదలకుండా వేలాడాయి. మా బోర్డు రెండు గంటలు వేలాడింది. కదలకుండా ఉన్న వస్తువుని చూస్తే మనకి ధైర్యం వచ్చేస్తుంది. సమతాస్థితి అంటే ప్రశాంతత అనుకుంటాం. కానీ సున్నా అనేది మొత్తానికి వచ్చిన జవాబు. ఆ సున్నా వెనక 25 కిలోలు ఇటూ 25 కిలోలు అటూ ఉండొచ్చు, లేదా 240 అటూ ఇటూ ఉండొచ్చు. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎంత లాగుతోందో లెక్క చెప్తుంది. ఎంత వరకు ఆగుతుందో హుక్కు, గోడ, వెల్డింగు చెప్పాలి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే తప్ప ధైర్యపడటానికి ఏమీ లేదు.

నిచ్చెన కూడా ఇదే పాఠం చెప్తుంది. నేలతో 60 డిగ్రీల కోణంలో నున్నటి గోడకి ఆనించిన నిచ్చెన తీసుకోండి. దాని సొంత బరువు వదిలేద్దాం. 60 కిలోల మనిషి పావు వంతు ఎత్తులో నిలబడితే, నిచ్చెన కాలు జారకుండా నేల ఇవ్వాల్సిన ఘర్షణ దాదాపు 9 కిలోలు. అదే మనిషి పైదాకా ఎక్కితే దాదాపు 35 కిలోలు కావాలి. మనిషి అదే, నిచ్చెన అదే, నేల అదే. మనం మాత్రం మొదటి మెట్టు మీద రెండుసార్లు ఊగి చూసి, "గట్టిగానే ఉంది" అని పైకి ఎక్కేస్తాం. మా 65 కిలోల టెస్టులాగే.

మన సీఎస్‌ఈ వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. "నా లాప్‌టాప్‌లో రన్ అవుతోంది" అనే డైలాగ్ విని నవ్వుకోనివాళ్లు మనలో లేరు. నలుగురు యూజర్లతో నడిచిన ప్రోగ్రాం రిజల్ట్స్ రోజు పడిపోతే, నిన్నటిదాకా నడిచింది కదా అంటే ఎవరూ ఒప్పుకోరు. కోడ్ విషయంలో మనకున్న ఈ అనుమానం తాడు విషయంలో ఎందుకు లేదు?

మీరు అనబోయేవి

ఇది చదివిన మా రూమ్మేట్ మూడు మాటలన్నాడు. మూడూ న్యాయమైనవే.

మొదటిది: "160 ప్రశ్నలు, 180 నిమిషాలు. బొమ్మలు వేస్తూ కూర్చుంటే సీటు ఎవడిస్తాడు?" నిజమే. నా సీటు కూడా షార్ట్‌కట్‌లతోనే వచ్చింది, దాన్ని కాదంటే అబద్ధం. నేననేది షార్ట్‌కట్ వద్దని కాదు. నాలుగు ఊళ్లు తిరిగినవాడికి అడ్డదారి ఉపయోగపడుతుంది. అడ్డదారి ఒక్కటే తెలిసినవాడు కొత్త ఊర్లో దిగితే దిక్కులు చూస్తాడు. నేను దిగింది కొత్త ఊర్లో.

రెండోది: "మంచి హుక్కు కొనుంటే సరిపోయేది కదా." సరిపోయేదేమో. కానీ ఎంత మంచిది? వంద రూపాయల హుక్కా, అయిదొందల హుక్కా? ఆ ప్రశ్నకి జవాబు కావాలన్నా 120 అనే అంకె ముందు తెలియాలి. పైగా, ఖర్చు లేకుండా తాడు లూజుగా వదిలేసి ఉంటే అదే చీప్ హుక్కు మీద భారం దాదాపు అయిదో వంతుకి తగ్గేది.

మూడోది: "ఆ టెంట్ హౌస్ అన్నకి సైన్ తీటా తెలీదు. అయినా కరెక్ట్‌గా చెప్పాడు. మరి లెక్క ఎందుకు?" ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆయన ఎన్నో పెళ్లిళ్లకి, గణేష్ మండపాలకి తాళ్లు కట్టి ఉంటాడు. ఏవి తెగాయో చూసుంటాడు. ఆ జ్ఞానాన్ని నేను తక్కువ చెయ్యను, ఆ సాయంత్రం తక్కువ చేసినందుకే ఇదంతా. కానీ ఆయన అనుభవానికి ఎన్నేళ్లు పట్టిందో, ఎన్ని తాళ్లు తెగాయో ఆలోచించండి. ఒక్క తాడూ తెగకముందే అదే మాట చెప్పగలగడం లెక్క ఇచ్చే వరం. ఎంత లూజు వదలాలో కూడా అది చెప్తుంది. ఆయన దగ్గర సూత్రం లేకుండా తెలివి ఉంది. నా దగ్గర తెలివి లేకుండా సూత్రం ఉంది. ఈ రెండింట్లో బోర్డు కట్టడానికి ఎవర్ని పిలుస్తారో మీకే వదిలేస్తున్నా.

ఏం చెయ్యొచ్చు

సిలబస్ మార్చమని అర్జీ పెట్టే స్థాయి నాకు లేదు. మూడు చిన్న కోరికలు మాత్రం ఉన్నాయి.

మెకానిక్స్ చెప్పే సార్లకి, మేడమ్‌లకి: దయచేసి ఇంటర్నల్స్‌లో ఒక్క ప్రశ్నైనా బొమ్మ లేకుండా ఇవ్వండి. కారిడార్‌లో ఉన్న ఒక వస్తువు చూపించండి, ఫ్యానో, తలుపు బందో, పార్కింగ్‌లో స్టాండు వేసిన బైకో. "దీన్ని విడదీసి బాణాలు వెయ్యి" అనండి. ఆన్సర్ అంకె రాకపోయినా బాణాలు కరెక్ట్‌గా ఉంటే సగం మార్కులివ్వండి. ఇప్పుడు చివరి అంకెకి ఉన్న గౌరవం బాణాలకి లేదు.

ఫస్టియర్ తమ్ముళ్లకి, చెల్లెళ్లకి: పరీక్షలో ఫార్ములా పెట్టుకోండి, ఫర్వాలేదు. కానీ ప్రతి చాప్టర్‌లో రెండు లెక్కలైనా పుస్తకంలోని బొమ్మ మూసేసి, మీరే వేసి చెయ్యండి. వేసిన ప్రతి బాణానికీ "ఇది ఎవరు ఎవర్ని నెడుతున్నారు?" అని అడగండి. జవాబు రాని బాణం ఉంటే కొట్టెయ్యండి. తాకుతున్నా బాణం లేని చోటు ఉంటే వెయ్యండి.

ఫెస్ట్ కమిటీకి: వచ్చే ఏడాది తల మీద ఏది వేలాడదీసినా, దానికి ఒక తెల్ల కాగితం. వస్తువు బరువు, తాడు పొడవు, వంపు, హుక్కు మీద ఎటు ఎంత పడుతోంది. అయిదు నిమిషాల పని. మెకానికల్ వాళ్లని అడిగితే నవ్వుతూ చేసి పెడతారు. కింద ఆ టెంట్ హౌస్ అన్నలాంటి వాళ్లెవరైనా చూసి "సరే" అనాలి. ఇద్దరిలో ఏ ఒక్కరు "ఊహూ" అన్నా అది పైకి ఎక్కకూడదు.

తమ్ముడి కుట్లు విప్పేశారు. వేళ్లు బాగానే కదులుతున్నాయి, ల్యాబ్ రికార్డు తనే రాసుకుంటున్నాడు. ఈ వ్యాసం డ్రాఫ్టు ముందు వాడికే చూపించాను. అంతా చదివి, "అయితే హుక్కుది తప్పు కాదన్నమాట" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు.

వాళ్లమ్మగారికి నేనింకా మళ్లీ ఫోన్ చెయ్యలేదు. ఆ రోజు "హుక్కు ఊడిపోయింది" అని చెప్పి పెట్టేశాను. "ఊడిపోలేదు ఆంటీ, మేమే పీకేశాం" అని చెప్పాలి. ఈ సంచిక మీ దగ్గరికి వచ్చేలోపు చెప్తాను.